కోర్సేశ్వరరావు

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే కోర్సేశ్వరరావు ఎదురుపడక తప్పదు. వీపుకో బ్యాగు, బ్యాగులో జిరాక్సు నోట్సు, నోట్సు మధ్య రేపటి ఫ్రీ డెమో కరపత్రం. మెకానికల్ బీటెక్ పాసయ్యాడు. యంత్రభాగాలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఆటోక్యాడ్ అయింది, సాలిడ్‌వర్క్స్ అయింది, క్రియో అయింది. ఇప్పుడు క్యాటియా నడుస్తోంది, ఎన్‌ఎక్స్‌కి అడ్వాన్సు కట్టాడు. "ఏం చేస్తున్నావురా?" అని ఊళ్లో పెదనాన్న అడిగితే ఉద్యోగం పేరు చెప్పలేడు గానీ, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్నో వెర్షన్ నడుస్తోందో గడగడా ఒప్పజెప్తాడు. అతన్ని సోమరి అంటే కళ్లు పోతాయి. హాస్టల్లో చట్నీ రుబ్బకముందే లేచి, పొద్దున ఏడింటి బ్యాచ్‌లో మొదటి బెంచీ పట్టేవాడు సోమరి ఎలా అవుతాడు? నా ఫిర్యాదు వేరు. నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్చానని అతననుకుంటున్నాడు. నేర్చింది మొదటి పది రోజుల పాఠమే, కాకపోతే నాలుగుసార్లు.

రుజువు అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌కో ఫోల్డరు, ఫోల్డరుకో ఎల్ ఆకారపు బ్రాకెట్టు, దానికి రెండు బెజ్జాలు. గీసిన బొమ్మకు మందమివ్వడాన్ని క్రియో ఎక్స్‌ట్రూడ్ అంటుంది, క్యాటియా ప్యాడ్ అంటుంది, బ్రాకెట్టు మాత్రం అదే. అక్కడిదాకా సరదాగానే సాగుతుంది. ఆ తర్వాతే స్కెచ్‌లో గీతలు నీలంగా మొండికేస్తాయి. సాలిడ్‌వర్క్స్‌లో నీలం అంటే ఆ గీత ఎక్కడుండాలో నువ్వింకా తేల్చలేదని అర్థం. కొలతలూ సంబంధాలూ అన్నీ కుదిరాకే అది నల్లబడుతుంది. ఏది దేనికి సమాంతరం, ఏ బెజ్జం ఏ అంచు నుంచి ఎంత దూరం, రేపు పొడుగు మారిస్తే ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్నది మనిషే ఆలోచించుకోవాలి. సరిగ్గా ఇక్కడే మనవాడు "ఇందులో పస లేదు, ఇండస్ట్రీ అంతా క్యాటియాకి వెళ్లిపోయింది" అని తీర్పిచ్చేస్తాడు. టిఫిను కాగానే, తాళి కట్టకముందే ఇంకో పెళ్లికి బయల్దేరే చుట్టం బాపతు. పాపం, క్యాటియాలోనూ అదే చిక్కు కాచుకుని ఉంటుంది. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్ అనే డ్రాయింగు ప్రోగ్రాంలోనే, ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలని షరతు పెట్టే వీలుండేది. ఆటోక్యాడ్ వచ్చింది 1982లో. తన తండ్రి కంటే పెద్దదైన చిక్కును ఇన్‌స్టిట్యూట్ మారి తప్పించుకుంటాడట!

అసలీ తప్పించుకోవడం అమీర్‌పేటలో మొదలు కాలేదు. ఫస్టియర్‌లో సీనియర్ షీటును అద్దం మీద పెట్టి, కింద బల్బు వెలిగించి డ్రాయింగు దించుకున్న రాత్రే మొదలైంది. ఎన్.డి. భట్ పుస్తకం కొన్నాడు, డ్రాఫ్టరూ కొన్నాడు. డ్రాఫ్టరు బస్సులో తోటి ప్రయాణికులను పొడవడానికి పనికొచ్చింది. ఆ రాత్రి ఎగ్గొట్టిన పాఠం అప్పు బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ దగ్గర తీర్చాల్సి వస్తుంది. తెర మీద 20 మిల్లీమీటర్ల బెజ్జంలో 20 మిల్లీమీటర్ల షాఫ్టు హాయిగా తిరుగుతుంది. ఇనుముకు అంత మంచితనం లేదు. బెజ్జానికీ షాఫ్టుకూ మధ్య సందు ఎంతో చెప్పేదే ఫిట్; మామూలుగా వాడే హెచ్7/జి6 ఫిట్‌లో బెజ్జం 20.000 నుంచి 20.021 దాకా, షాఫ్టు 19.980 నుంచి 19.993 దాకా ఉండొచ్చు. ఆ అంకెలు కాగితం మీద లేకపోతే టర్నర్ ఏం చెక్కాలి? ఇక ఏ వ్యూ ఎటు పక్కన పెట్టాలన్నది ఇంకో చిక్కు: మనవాడు అమెరికా వీడియోలు చూసి థర్డ్ యాంగిల్లో గీస్తాడు, మన దగ్గర పుస్తకాలు నేర్పేది ఫస్ట్ యాంగిల్. ఏ పద్ధతో చెప్పే గుర్తు వేయకపోతే కుడివైపు బెజ్జం ఎడమకు పోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ కిక్కురుమనదు.

"ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది సాఫ్ట్‌వేర్ పేర్లే కదా?" అని కోర్సేశ్వరరావు నిలదీస్తాడు. నిజమే, రెజ్యూమెలో పేరు లేనివాడు వడపోత దాటడు. అందుకే ఒకటి గట్టిగా రావాలి. ఒకటి లోతుగా వచ్చినవాడికి రెండోది చాలావరకు బటన్లు వెతుక్కునే పనే. ఇంటర్వ్యూలో డ్రాయింగు ముందుపెట్టి "ఇందులో ఏ కొలత తక్కువైంది?" అంటే మాత్రం సర్టిఫికెట్లన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. "ఇన్‌స్టిట్యూట్ లేకపోతే చదువు సాగదు" అన్నది మరో వాదన. దీన్ని కొట్టిపారేయలేను. తప్పు చూపించే గురువుకు ఫీజు కట్టడం దండగ కాదు, పక్కనే మిషన్లు తిరిగే చోటైతే మరీ మంచిది. బాలానగర్‌లోనే 1968 నుంచీ కేంద్రం వారి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఇక ఒకటిన్నర స్పీడులో వీడియో చూసి నేర్చేశాననేవాడితో వాదన అనవసరం. అక్కడ కదిలింది ఇంకొకరి మౌసు.

లైసెన్సు ఖరీదన్న సాకూ నిలవదు. ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగానే ఇస్తోంది. ఫ్రీక్యాడ్ ఎవరికైనా ఉచితమే. ఇంట్లో పాడైన కుళాయి విప్పి, లోపలి స్పిండిలు కొలిచి గీయమనండి. ఆ కాగితం అందుకున్న టర్నర్ ఒక్క ఫోన్ కూడా చేయకుండా ముక్క చేసి పంపాడంటే కోర్సు పూర్తయినట్టే. దానికి అడ్వాన్సు కట్టక్కర్లేదు, వెర్నియర్ కాలిపర్ మాత్రం కొనుక్కోవాలి.