సర్వరోగాలకూ ఒకే కోత

అనంతపురం పల్లెల్లో వైద్యం చాలా ముందుకు పోయింది. ఆడమనిషికి తెల్లబట్ట అయినా, నడుము లాగినా, నెలసరి రెండు దినాలు ఎక్కువైనా, కళ్లు తిరిగినా ఒకే మందు: గర్భసంచి తీసేయడం. ఇన్ని బాధలకు ఒకే చికిత్స కనిపెట్టిన ఘనత ధన్వంతరికి కూడా దక్కలేదు.

జరిగే తీరు చూడండి. శెనక్కాయ చేలో కలుపుకు పోయే ముప్పై ఏళ్లామె ఊరి ఆర్‌ఎంపీకి బాధ చెప్పుకుంటుంది. ఆయన చీటీ రాసి టౌనుకు పంపుతాడు. అక్కడ స్కానింగు కాగితం మీద ఎర్రపెన్నుతో సున్నా చుడతారు. "గడ్డ ఉందమ్మా. ఇప్పుడే తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది." ఆ మాట చెవిన పడ్డాక ఇంక బేరం ఉండదు. మొగుడు అడిగేది ఒకటే: "కార్డుకు అయితాదా సార్?" అత్త సర్దిచెప్తుంది: "పిల్లోళ్లు చాలు గదమ్మా, ఇంక దాంతో ఏం పని?" ఇదే న్యాయం ఇద్దరు పిల్లల తండ్రికీ వర్తిస్తుందని ఏ అత్తకూ తోచదు, ఏ డాక్టరూ చెప్పడు.

అదే మొగుడు చేలో ఆకుమచ్చ కనబడితే ఆకు తుంచుకొని నలుగురికి చూపిస్తాడు. చెట్టు పీకేయమన్నవాణ్ణి పిచ్చోడంటాడు.

మొగుడు అడిగిన ఆ కార్డు పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీది. అది 2007 ఏప్రిల్‌లో మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుండెజబ్బు పేదలకు అది వరమే. ఆ వరం చాటున ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచులు ఎంతగా తెగాయంటే, ఆఖరికి ప్రభుత్వమే ఆ ఆపరేషన్‌ను వాళ్ల జాబితా నుంచి తప్పించాల్సి వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.3 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. మన ఆడవాళ్ల గర్భసంచులే అంత చెడ్డవని నమ్మాలి, లేదా చెడింది ఇంకేదో అనుకోవాలి.

తెల్లబట్ట అంతా రోగం కాదు. దురద, వాసన ఉంటే ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ ఉంటాయి. ఒక్కపూట మింగితే సరి, పైసా ఖర్చు లేదు. ఎవరికీ వాటా రాకపోవడమే ఆ మందులో ఉన్న లోపం. ఫైబ్రాయిడ్ గడ్డలు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. కళ్లు తిరగడానికి రక్తహీనత కారణం కావచ్చు. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు అది ఉంది. దానికి కావాల్సింది ఐరన్ మాత్ర, కత్తి కాదు.

పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగి, ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల్లో పస పోవడం. మోకాళ్లు పట్టుకొని ఆమె మళ్లీ అదే ఆర్‌ఎంపీ దగ్గర సూదికి కూర్చుంటుంది. ఆయనకు మాత్రం బేరం జన్మకు కుదిరినట్టే.

క్యాన్సరో, మందులకు లొంగని రక్తస్రావమో ఉంటే ఆపరేషన్ తప్పదు. కానీ అది ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు మాట పల్లెకు చేరేలోపు, అమ్మా, సంతకం పెట్టేముందు మీరే అడగండి: రోగం పేరేంది? ముక్క పరీక్షకు పంపినారా? మందుతో తగ్గదా? ఆ మూడింటికి విసుక్కునే డాక్టరు చేతికి మీ ఒళ్లు అప్పగించకండి.