నారబట్ట ఆత్మకథ

నేను నారబట్టను. కానీ నన్ను ఏ మగ్గం మీదా నేయలేదు. అవిసె నూనెలో సీసపు తెలుపు కలిపి, ఓక్ చెక్క మీద కుంచెతో నన్ను పుట్టించినవాడు పీటర్ పాల్ రూబెన్స్. ఊరు ఆంట్‌వెర్ప్, ఏడాది 1612. సిలువ మీది నుంచి క్రీస్తు దేహాన్ని దించుతున్న చిత్రంలో ఆయన్ని మోసే పని నాది.

చుట్టూ చీకటి. దూరాన ఆకాశపు అంచున మాత్రం కాస్త వెలుగు మిగిలింది. దీపం లేదు, కాగడా లేదు. అయినా మేరీమాత కెథడ్రల్‌లో నా ఎదుట నిలబడ్డవాళ్ల చూపు ముందు నా మీదే వాలుతుంది. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి ఏటవాలుగా జారతాను. ఆ దారినే ఆయన దేహం దిగుతుంది, చూసేవాళ్ల కన్నూ దిగుతుంది.

తెల్లటి గుడ్డ మీద ఒంటి రంగు వేస్తే అది వెలవెలబోతుంది. 1781లో వచ్చి చూసిన ఇంగ్లండ్ చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్, రంగులు బాగా తెలిసిన గొప్పవాళ్లు తప్ప ఇంకెవరూ ఈ సాహసం చేయరన్నాడు. రూబెన్స్ చేశాడు. నా మడతల్లో బూడిద ఛాయలు దించాడు. పాలిపోయిన ఆ ఒళ్లు, దాని మీది నెత్తురు నా తెలుపు పక్కనే నిలిచి కనబడతాయి.

దగ్గరికొచ్చి చూడండి. పైన సిలువ మీదికి వంగిన పనివాడికి చేతులు చాల్లేదు. నన్ను పళ్లతో కరిచి పట్టుకున్నాడు. ఎర్ర వస్త్రాల యోహాను బరువంతా తన ఒంటి మీదికి తీసుకున్నాడు. తల్లి మరియ చెయ్యి చాచింది. ఆయన పాదం మోకరించిన మగ్దలేనే మరియ భుజానికి ఆనింది.

చిత్రం వేయించింది తుపాకీ వీరుల సంఘం. వాళ్ల పునీతుడు క్రిస్టఫర్, బాలక్రీస్తును భుజాన ఏరు దాటించినవాడు. ఆ పేరుకు అర్థమే క్రీస్తును మోసేవాడని. అందుకే 1614 నాటికి చిత్రానికి ఇరుపక్కలా తలుపుల్లా అమరిన రెక్కల మీదా మోయడమే కథ. ఒకదాని మీద ఆయన్ని కడుపులో మోస్తున్న మరియ, ఇంకోదాని మీద పసివాణ్ని ఎత్తుకున్న సుమెయోను. రెక్కలు మూస్తే బయట క్రిస్టఫర్.

1794లో ఫ్రెంచివాళ్లు నన్ను పారిస్‌కు తరలించారు. 1815లో నేను విడుదలై వెనక్కి వచ్చాను. రాజ్యాలు మారాయి కానీ నా పని మారలేదు. నాలుగు వందల ఏళ్లయినా ఆయన పాదం ఇంకా నేలకు తగల్లేదు. పైనున్న ఆ పనివాడు నన్ను పళ్ల మధ్య నుంచి ఇంకా వదల్లేదు.