హీటరు గొట్టాల పద్యం: సటీకం

మూలం (తేటగీతి)

ముల్లు పైకెక్కె హీటరు మూగవోయె
నీళ్లు లేవని తెలియుమా నిజము సుమ్ము
ఒక్క గొట్టము కాలి వేరొకటి చల్ల
నైన కోరు గొంతున పాచి నాటుకొనెను

అవతారిక: శ్రీశైలం డ్యాం దాటి, లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు ఎక్కుతున్న ఒక పాత మారుతి 800. లోపల నలుగురు, డిక్కీలో పులిహోర, నెల ఏప్రిల్. రెండో మలుపులో బానెట్ సందుల్లోంచి ఆవిరి. యజమాని షెడ్డుకు ఫోను చేయగా మేస్త్రి అటునుంచి చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: ముల్లు = డాష్‌బోర్డు మీద 'సి'కీ 'హెచ్'కీ మధ్య తిరుగునది; పైకెక్కె = హెచ్‌ను తాకెను; హీటరు = మన ప్రాంతంలో ఎవరూ వాడని మీట; మూగవోయె = వేడిగాలి ఊదుట మానెను (బ్లోయరు రొద యథాతథం, కనుక మూగతనం లాక్షణికం); నీళ్లు = కూలెంటు, లేదా కూలెంటు పేరిట పోసిన బోరు నీళ్లు; తెలియుమా = తెలుసుకొనుము; నిజము సుమ్ము = పాదపూరణం, బిల్లు చూడబోయేవాడికి ముందస్తు ధైర్యవచనమని కొందరు; ఒక్క గొట్టము = ఇంజిను నుంచి హీటరుకు పోవు రబ్బరు పైపు; వేరొకటి = తిరిగి వచ్చునది; కోరు = డాష్‌బోర్డు వెనక దాగిన బుల్లి రేడియేటరు; పాచి = తుప్పు, సున్నం, పసుపు ముద్ద (పసుపు సంగతి కింద చూడుడు).

రెండు మూడు పాదాల నడుమ సంధి జరగలేదేమని లాక్షణికులు అడగవచ్చు. గొట్టాలను విడివిడిగా పట్టుకు చూడమనే చోట అక్షరాలు కూడా విడిగా ఉండటమే ఔచిత్యం.

తాత్పర్యం: ఇంజిను కాగిపోతున్నా హీటరు చల్లగాలే కొడుతోందంటే వేడిని మోసుకెళ్లే నీళ్లు తగ్గిపోయాయన్నమాట. కోరు చాలా బళ్లలో కాస్త ఎత్తున ఉంటుంది. మట్టం పడిపోగానే ముందు ఎండేది అదే. అలా కాక, వేడెక్కిన ఇంజినుతో బండి ఆగి ఉండగా రెండు హీటరు పైపుల్లో ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోరు పూడింది.

విశేషాలు: కవి చెప్పనిది, చెప్పకుండానే స్ఫురింపజేసినది మూడో స్థితి. ముల్లు పైనుంది, హీటరు మాత్రం మంటలా ఊదుతోంది. అంటే నీళ్లున్నాయి, తిరుగుతూనూ ఉన్నాయి. వేడిని బయటికి వదిలే దగ్గర లోపం. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే హీటయ్యే బండికి రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. హైవే మీదా, ఘాట్‌లోనూ మాత్రమే హీటయ్యే బండికి రేడియేటరే లోపల పూడిందని అనుమానించాలి. మరో చిక్కుంది. నీళ్లు బొత్తిగా పోతే సెన్సారుకు తడి తగలక ముల్లు దిగిపోవచ్చు కూడా. దిగింది కదా అని గేరు వేసి కదిలితే హెడ్డు వంగుతుంది.

ఇక పాచి. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడికి విడివడి లోహానికి పట్టుకుంటుంది. గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకునేది ఇదే. కూలెంటులో తుప్పును అడ్డుకునే మందులుంటాయి, నల్లా నీళ్లలో ఉండవు. కాబట్టి ఇనుప బ్లాకు తుప్పు రాల్చుతుంది. ఆ రెంటికీ పసుపు తోడవుతుంది. రేడియేటరు కారుతుంటే గుప్పెడు పసుపు వేయడం మన డ్రైవర్ల పాత వైద్యం. చిల్లు దగ్గర అది ఉబ్బి మూసుకోవడం నిజమే. కానీ పసుపుకు చిల్లేదో కోరు గొట్టమేదో తెలియదు. కోరులో దారులు సన్నం, ప్రవాహం నెమ్మది. ముద్ద అక్కడే కూర్చుంటుంది. కోరు పూడటం దానికదిగా సాధారణంగా బండిని హీటెక్కించదు. అదే బురద పెద్ద రేడియేటరులోనూ ఉందని మాత్రం చెబుతుంది. ఈ సాక్ష్యం విలువ తెలియక కొందరు మేస్త్రులు "మనకు హీటరెందుకు సార్" అని రెండు పైపులనూ కలిపేసి బైపాస్ చేస్తారు. థర్మోస్టాటు గతీ అంతే. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవలసిన ఆ వాల్వు ఇరుక్కుంటే కొత్తది వేయరు, పీకేస్తారు. అర్థంకాని శ్లోకాన్ని ప్రక్షిప్తమని కొట్టేసే పరిష్కర్తల బాపతు వీళ్లు. ఆ తర్వాత ఇంజిను త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఓనరు మాత్రం బండి 'కూల్' అయిందని సంతోషిస్తాడు.

శంక: మండు వేసవిలో, ఘాట్‌లో, హీటరు వెయ్యమంటారా?

సమాధానం: వెయ్యమనే అంటాం. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, హీటరు పూర్తిగా తిప్పితే బుల్లి రేడియేటరు కూడా పనిలో దిగి కొంత వేడిని మీ మోకాళ్ల మీదికి పంపుతుంది. బండి పక్కకు తీసి ఆపుకునేందుకు ఆ వెసులుబాటు చాలు. వచ్చేది చల్లగాలైతే మాత్రం మొదటి పాదం వర్తిస్తుంది: అక్కడికక్కడే ఇంజిను ఆపాలి.

శంక: మూత తీసి నీళ్లు పోయవచ్చా?

సమాధానం: మూత మీద చాలా బళ్లకు 0.9 అని ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. పులిహోర తినడానికి ఇదే అదను. రేడియేటరు పై హోసును గుడ్డతో నొక్కితే మెత్తగా లొంగాలి, అప్పుడే మూత.

శంక: ఒక పైపు చల్లగా ఉంటే కోరు పూడినట్లేనా?

సమాధానం: తొందర వద్దు. పాత బళ్లలో హీటరు మీటకు ఒక తీగ, తీగ చివర ఒక నీళ్ల వాల్వు. ఏళ్ల తరబడి కదపని తీగ క్లిప్పులోంచి జారి వాల్వు మూసే ఉండవచ్చు. ముందు అది చూసి, ఆ తర్వాతే కోరు మీద నేరం మోపాలి.

పరిహారం: ఇంజిను చల్లారాక రెండు పైపులూ ఊడదీసి, నీళ్లు తిరిగివచ్చే పైపు వైపు నుంచి నెమ్మదిగా నీళ్లు పట్టాలి, అంటే ప్రవాహానికి ఎదురుగా. మొదట ఇటుకపొడి రంగు, మధ్యలో రేకుల్లాంటి పెళ్లలు, చివరికి తేటనీరు. సున్నం మొండికేస్తే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు కాసేపు నిలవుంచి మళ్లీ కడగాలి. సర్వీసింగ్ షెడ్డులో కార్లు కడిగే గన్ను ఇక్కడ పెట్టరాదు. పాత కోరు అతుకులు విడిపోతాయి. విడిపోయిందనడానికి గుర్తులు: లోపల తీపి వాసన, ముందు అద్దానికి జిడ్డు పొర, ఎడమ సీటు వాళ్ల చెప్పుల కింద తడిసిన కార్పెట్.

కడిగాక కూలెంటు నింపి, ముందు చక్రాలు ఎత్తుమీద ఉండేలా నిలిపి, హీటరు తెరిచి, చల్లటి ఇంజినును మూత తీసి ఉంచి స్టార్టు చేసి గాలి బుడగలు పోనివ్వాలి. కాసేపటికి ఆగితే అది ఎయిర్ లాక్. ఎంతసేపటికీ ఆగక, యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ బుడగలు ఎగదన్నితే, ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు నురగ కూడా కనిపిస్తే, హెడ్ గ్యాస్కెట్ పోయిందని అర్థం. అది వేరే కాండ. దానికి వ్యాఖ్యానం రాయాలంటే హెడ్డు విప్పాలి.