దయ్యములకొక దర్పణము

గృహస్థాశ్రమమున మానవునకు ప్రాప్తించెడి చిక్కులలో పిల్లకు సంబంధము వెదకుట, తూర్పు వాకిలి యిల్లు సంపాదించుట, పరదేశమున ఆవకాయకు తగిన పుల్లని కాయ దొరకించుకొనుట మొదలగువానిని గూర్చి పెద్దలు కావలసినంత సెలవిచ్చియున్నారు గాని, ఇంటనున్న వీడియోగేము పెట్టెకు తెర చెడిపోయినచో దాని స్థానమున మఱియే తెర నమర్చవలెనను ధర్మసందేహమును గూర్చి యొక్కరును ఒక్క వాక్యమైనను పలికినట్లు కానరాదు. అందుచేత నాకు తోచినది నేను వ్రాయుచున్నాను.

షికాగో నగరమునకు పడమర, అరోరా బాలాజీ దేవాలయమునకు కారులో పోదగినంత చేరువనున్న మా యింటి బేస్‌మెంటులో, పసుపుపచ్చని దేహముతో మనిషెత్తున నిలిచియున్న పాక్‌మాన్ పెట్టె యొకటి కలదు. 1980లో జపానునందు నామ్కో సంస్థలో తోరు ఇవాతాని కల్పించిన యీ యాటను అమెరికాలో తయారుచేసి యమ్ముకొను హక్కు పొందిన మిడ్‌వే కంపెనీవారు షికాగో శివారగు ఫ్రాంక్లిన్ పార్కున నుండెడివారు. ఆ పెట్టెలకు బిగించిన 19 అంగుళముల రంగుల మానిటర్లలో పెక్కింటిని చేసిన వెల్స్-గార్డ్‌నర్‌వారును షికాగోవారే. కావున ఈ యింటనున్న వారందఱిలోను వీసాతో గాని గ్రీన్‌కార్డుతో గాని పని లేక, పుట్టినచోటికి నలుబది మైళ్ళలోపుననే కాలము గడుపుచున్న భాగ్యశాలి ఆ పెట్టె యొక్కటియే.

అట్టి భాగ్యశాలికి దృష్టిదోషము ప్రాప్తించినది. రంగుల ట్యూబునందు ఎరుపునకు, ఆకుపచ్చకు, నీలమునకు వేఱువేఱుగా మూడు ఎలక్ట్రాను గన్నులుండును. మా ట్యూబులో నీలపు గన్ను వార్ధక్యమువలన తొలుత స్విచ్చి వేసినపుడు మాత్రము బద్ధకించుచు, కొంత వేడెక్కిన పిదప తేరుకొనుచు, రానురాను ఎంత వేడెక్కినను తేరుకొనుట మాని, తుదకు శాశ్వతముగా విశ్రమించినది. పోయినది మూడింట నొక రంగే కదా యని తెలియనివారు తేలికగా మాటాడుదురు. కాని పాక్‌మాన్ లోకమున గోడలన్నియు నీలమే! నీలము పోవుటతో గోడలు పోయినవి. నల్లని శూన్యమున చుక్కలు మాత్రము బారులు తీఱియుండగా, మన పసుపు వీరుడు ఏమియు లేనిచోట దేనికో తల తగిలి ఆగిపోవుచుండెను. అంతకంటె ఘోరమైనది వానిని తరుము దయ్యముల సంగతి. పింక్ రంగులోను నారింజ రంగులోను ఎరుపు, ఆకుపచ్చల పాళ్ళు సమానమే. భేదమంతయు నీలమునందే యున్నది. ఆ నీలము కాస్త తొలగగానే పింక్ దయ్యమును నారింజ దయ్యమును కవలపిల్లలైపోయినవి. మొదటిది మనకు నాలుగు గళ్ళు ముందుచోటును గుఱిచూచి దారికాచునది. రెండవది మనకు ఎనిమిది గళ్ళ లోపలికి రాగానే గుండె చెదరి తన మూలకు పరుగెత్తునది. మాటువేయువానికిని పిఱికివానికిని భేదము తెలియకపోవుట లోకవ్యవహారమున నిత్యమును జరుగుచుండునదే, అందువలన ఎవరికిని పెద్ద నష్టము లేదు. ఆటలోనైతే ఉన్నవి మూడు ప్రాణములు. ఇక శక్తిబిళ్ళ మ్రింగిన వెంటనే దయ్యములన్నియు నీలవర్ణము దాల్చి మనకు ఆహారము కావలెను గదా, ఆ సమయమున వాని దేహములు మాయమై కన్నులును నోరును మాత్రము తెరపై తేలియాడుచుండెను.

తెనాలినుండి వచ్చియున్న మా అత్తగారు ఒక సాయంకాలము కాఫీగ్లాసుతో క్రిందికి దిగి యీ దృశ్యమును కొంతసేపు చూచి, "అల్లుడుగారూ, పాపం వాడికి దారి కనపట్టంలేదు లాగుంది, కాస్త లైటు వెయ్యకూడదూ?" అనిరి. మా యావిడ చూపు వేఱు. "ఏమండీ, పైన గోడకి అంత టీవీ వేలాడుతుంటే దానికి తగిలించుకుని ఆడుకోక, ఈ బీరువాతో ఎందుకొచ్చిన తంటా?" అని యామె అడిగెను. బీరువా యను మాట నా మనసునకు కష్టము కలిగించినను సమాధానము చెప్పక యూరకుంటిని; ఏలయన నిజముగా సమాధానము లేదు.

తెర మార్చు శాస్త్రమున మూడు మతములు గలవని క్రమముగా తెలిసికొంటిని. ఆటయు గాజుట్యూబును ఒక్కటే, రెండని తోచుట భ్రాంతి యనువారు అద్వైతులు. ఆట వేఱు, తెర వేఱు, ఏ ఎల్‌సీడీనైనను తగిలించి సుఖపడుమనువారు ద్వైతులు. తెర క్రొత్తదైనను సరియే గాని పాత ట్యూబు లక్షణములన్నియు దానికి విశేషణములుగా అంటియుండవలెనని పట్టుబట్టువారు విశిష్టాద్వైతులు. శాస్త్రములందు ఈ మూడింటికిని వాదములు మాత్రమే గాని ఖర్చులు లేవు. ఇచ్చట ఉన్నవి.

నా మిత్రుడొకడు, విశాఖపట్టణము వాడు, పగలెల్ల బ్యాంకులో సాఫ్ట్‌వేరు పనిచేసి రాత్రులు గ్యారేజీలో ట్యూబుల సేవ చేసికొను పరమ అద్వైతి. "ఎల్‌సీడీ మాట నా దగ్గర ఎత్తకు. ట్యూబు తెస్తాను చూడు" అని వాడు అభయమిచ్చెను. రంగుల ట్యూబులు చేయు కర్మాగారములు మూతపడినవి గనుక పాత టీవీని సంపాదించి, దాని ట్యూబును తీసి, ఆర్కేడు మానిటరు చాసిసునకు తగిలించుట ఈ మతమువారి సంప్రదాయము. ఇల్లినాయి రాష్ట్రమున 2012 నుండి టీవీలను చెత్తకుప్పకు పంపుట నిషిద్ధమగుటచే, పాత టీవీ కలవారు దానిని వదలించుకొను మార్గము తెలియక, పెండ్లికాని ముసలి మేనమామను భరించినట్లు ఏండ్లతరబడి గ్యారేజీ మూలలో భరించుచుందురు. అట్టివారిలో నొక గృహస్థుడు మేము వచ్చుచున్నామని విని ముందే దానిని వాకిట పెట్టి, తానే మోసి మా వ్యానులో నెక్కించి, పైకము మాట యెత్తగనే రెండు చేతులను అడ్డముగా ఊపి, మేము వీధిమలుపు తిరుగువఱకు కదలక నిలుచుండెను. వీడ్కోలని నేననుకొంటిని, తిరిగివత్తుమేమోయను శంక యని మిత్రుడు వ్యాఖ్యానించెను.

పాత మానిటరును పెట్టెనుండి వెలికితీయుట సామాన్యమైన పని గాదు. ఆట నడచునపుడు ట్యూబు వీపుననున్న రబ్బరు టోపీ క్రిందికి సుమారు 20,000 వోల్టుల ఒత్తిడి చేరును. ప్లగ్గు తీసిన తరువాత కూడ ఆ గాజుకుండ తన పగను కొంతకాలము మనసులో నుంచుకొనగలదు. అందుచేత మిత్రుడు పొడవైన స్క్రూడ్రైవరునకు వైరు తగిలించి, వైరు రెండవకొనను ఇనుప చట్రమునకు క్లిప్పుతో కఱపించి, విద్యుత్తు ఒకచేతినుండి గుండెమీదుగా రెండవచేతికి పోవు అవకాశము లేకుండ ఎడమచేతిని వీపు వెనుకకు మడచుకొని, కుడిచేతితో ఆ స్క్రూడ్రైవరు మొనను టోపీ అంచుక్రిందికి మెల్లమెల్లగా దూర్చెను. టప్పుమని యొక చిన్న శబ్దము. అంతే. అది విన్న పిదపనే వాడు ఊపిరి విడిచెను. మెట్లమీదనుండి చూచుచున్న మా అత్తగారు, "అదేమిటే, ఆ అబ్బాయి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు? ఏదైనా మొక్కా?" అని కుమార్తె నడిగిరి. "ఊరుకో అమ్మా, అడిగితే చెప్పడం మొదలుపెడతారు" అని యామె హెచ్చరించెను.

ఇంత చేయగా ఆ టీవీ ట్యూబు మెడవద్దనున్న పిన్నుల అమరిక మా చాసిసు సాకెట్టులో ఇమిడినది కాదు. మిత్రుడేమాత్రమును చలింపక, "ఇది కాకపోతే ఇంకోటి" అనెను. దానము పట్టిన టీవీ, గ్రుడ్డిదైన ట్యూబు రెండును మా గ్యారేజీలో ప్రక్కప్రక్కన చేరినవి; వానిని చెత్తకు పంపరాదన్న శాసనము ఇపుడు మా యింటికిని వర్తించినది. కారు వెలుపల మంచులో నిలువవలసి వచ్చిన దినముననే మా యింట అద్వైతమునకు ఆదరము తఱిగినది.

ఎల్‌సీడీవైపు తిరిగితిని. నేడు దుకాణములందు దొరకు తెరలలో పెక్కు 16:9 పాళ్ళలో అడ్డముగా సాగినవి. పాక్‌మానో, మూడుపాళ్ళ వెడల్పునకు నాలుగుపాళ్ళ ఎత్తుగల నిలువు తెరలో కాపురము చేయువాడు. విశాలమైన తెరను నిలువుగా త్రిప్పి పెట్టెలో దూర్చినచో వెడల్పు సరిపోవునప్పటికి తల నెత్తిమీది పలకను తన్నును. తల సరిపోవునప్పటికి బొమ్మ పోస్టుకార్డంత యగును. పూర్వము ఆఫీసులలో వాడి పాఱవైచిన చదరపు తెరలే గతి. అందు 19 అంగుళములవి చాలవఱకు 1280×1024, అనగా ఐదుకు నాలుగు పాళ్ళవి. సరియైన నాలుగుకు మూడు కావలెనన్న 20 అంగుళములలో 1600×1200 తెరను పట్టవలెను. పాక్‌మాన్ బొమ్మ 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. ఒక్కొక్క చుక్కను అయిదింతలు చేసినచో 1120×1440 యై, నిలువుగా త్రిప్పిన ఆ తెరలో అంచులు కొంచెము మిగిలి ఇముడును. ఈ లెక్క తేలిన రాత్రి నాకు కలిగిన ఆనందమును ఇంటివారితో పంచుకొన ప్రయత్నించితిని, వారు నిద్రపోయిరి.

లెక్క యొక్కటియే చాలదు. చవుక తెరలలో టీఎన్ అను జాతి యొకటి కలదు. అడ్డముగా నున్నంతసేపు సాధువుగా నుండి, నిలువుగా త్రిప్పగానే కుడికంటికొక రంగును ఎడమకంటికొక రంగును చూపును. కావున తెర కొనబోయిన ప్రతియింటను దానిని నిలువుగా నిలువబెట్టించి, ఒక కన్ను మూసి, తల వంచి, వంగి, లేచి, ప్రక్కలకు జరిగి పరీక్షించుచుంటిని. ఒక పుణ్యాత్మురాలు లోపలికి పోయి, నడుమునొప్పికి మాత్ర తెచ్చి యిచ్చినది. తుదకు ఏ ప్రక్కనుండి చూచినను రంగు మాఱని ఐపీఎస్ జాతి తెర దొరకినది. పెట్టెలోని బోర్డు సెకనుకు సుమారు 16,000 గీతల వేగముతో బొమ్మను పంపగా, కంప్యూటరు తెరలలో పెక్కు సుమారు 31,500 ఉన్నగాని వినవు. ఈ యిరువురి నడుమ దుబాసీగా నొక మార్పిడి యంత్రము కావలసివచ్చినది. దుబాసీ ఆలోచించుకొని మాటాడువాడైనచో మనము కఱ్ఱ త్రిప్పిన యొక లిప్త పిదప పాక్‌మాన్ తిరుగును, అప్పటికి దయ్యము పని ముగించును. కాబట్టి అందులోను మంచిది, అనగా ప్రియమైనది, కొంటిని.

అన్నియు అమరినవి. గోడలు తిరిగివచ్చినవి, కవలలు విడిపోయిరి. కాని బొమ్మ మఱీ శుభ్రముగా నుండెను. ట్యూబుమీద గుండ్రని పండువలె వెలిగిన పాక్‌మాన్ ఇచట మెట్లు మెట్లుగా, మూలలు దేఱి కనబడెను. ట్యూబునందు గీతకును గీతకును నడుమ సన్నని చీకటి మిగులును, ప్రతి చుక్కయు అంచున కొంచెము కరగి ప్రక్కచుక్కతో కలియును. ఆ చీకటియు ఆ కరగుటయు కలిసి మన కంటికి గుండ్రదనమును కల్పించుచుండెడివి. ఆనాటి ఇంజనీర్లు లోపమని యెంచి తొలగింపజూచిన దానిని ఈనాడు విడిగా యంత్రములలో నింపి అమ్ముచున్నారు. నా దుబాసీలో ఆ విద్య కలదు. దాని వెల అధికమగుటకు సగము కారణమదియే. మీట నొక్కితిని. తెరనిండ నల్లని సన్నగీతలు తేలినవి. పాత మానిటరును ప్రక్కకు వాల్చి బిగించుటచే అందలి గీతలు నిలువుగా నుండెడివి. కావున ఇవియు నిలువుగానే యుండునట్లు దిద్దితిని.

మా యావిడ వచ్చి చూచి, "అయ్యో, అప్పుడే గీతలు పడ్డాయేమిటండీ! రసీదు ఉందా? ఇవాళే తిరిగిచ్చెయ్యండి" అనెను.

"పడలేదు, పెట్టించాను" అంటిని.

"డబ్బిచ్చి?"

ఆ ప్రశ్నకు నేను సమాధానము కూర్చుకొనుచుండగా మిత్రుడు దైవికముగా వచ్చి, తెరకు ముక్కు ఆనించి, ప్రక్కనుండియు పైనుండియు చూచి, తల యాడించి, "గీతలు బాగానే కుదిరాయి గానీ, అసలుది రాలేదు. పాత పాక్‌మాన్ తెర అంటే, కరెంటు తీసేసినా ఆ గోడల మచ్చ గాజుమీద కాలిపోయి కనపడాలి. ఏళ్ళ తరబడి ఒకే బొమ్మ వెలిగితే పడే మచ్చ అది. అది లేకపోతే ఏముంది?" అనెను.

"దానికేం భాగ్యం అన్నయ్యగారూ, రాత్రీ పగలూ ఆపకుండా వదిలేస్తే ఇదీ కాలుతుంది" అని మా యావిడ మెట్లెక్కుచు అనెను.

మిత్రుడు ఆ సలహాను శ్రద్ధగా ఆలోచించి, "చెల్లెమ్మ చెప్పింది సబబే గానీ, ఎల్‌సీడీకి పడిన మచ్చ మామూలుగా నిలవదోయ్, కాసేపటికి పోతుంది" అని నిజమైన విచారముతో పలికెను.