అగ్గిపుల్లలు

1963 ఆగస్టు. లండన్ శివారు ఫెల్తమ్‌లో ఒక ఇంట్లో ఖాళీగా ఉన్న పడకగది వడ్రంగి పనికి వేదికైంది. పదహారేళ్ల కొడుక్కి ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. ఫెండర్ కంపెనీ గిటార్ కొనే స్తోమత లేదు. తండ్రి ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు, పనిమంతుడు. ఇంట్లో టీవీ కూడా ఆయన చేసిందే. గిటారూ చేద్దామని ఇద్దరూ కూర్చున్నారు.

బాడీకి పాత ఓక్ బల్ల ముక్క, బ్లాక్‌బోర్డు (blockboard) చెక్క, పైన పలచటి మహాగని పొర. తీగల స్వరాన్ని ఊగించే ట్రెమొలోకి స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్‌వి. ట్రెమొలో మీట కొసకి అమ్మ అల్లిక సూది ముక్క. ఫ్రెట్ల గుర్తులకి అమ్మ గుండీల పెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు.

మెడకి దొరికింది ఒక పాత నిప్పుగూడు మీది మహాగని దిమ్మె. నూరేళ్లు దాటిన కర్ర. పురుగు తొలిచిన బెజ్జాలున్నాయి. వాటిలో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు.

ఇక గరుకు కాగితం. కర్ర నార వెంటే రుద్దాలి. అడ్డంగా ఒక్క గీత పడినా రేపు పూత కింద తేలుతుంది. పూత తప్పును దాచదు, ఎత్తి చూపిస్తుంది. ముతక కాగితం పెట్టిన గీతల్ని సన్న కాగితంతో చెరపాలి. ఈ పనిలో కంటిని నమ్మకూడదు, వేలికొసనే నమ్మాలి. కర్ర ఎక్కడ ఆగిందో, అగ్గిపుల్ల ఎక్కడ మొదలైందో వేలికి అందనంత దాకా రుద్దాలి. ఆ పైనే పూత. మొత్తం గిటార్‌కి రెండేళ్లు పట్టింది.

కుర్రాడు చదువులోనూ దిట్ట. ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీకి చేరాడు. గ్రహాల మధ్య తేలే ధూళి మీద పరిశోధన. మరోపక్క కచేరీలు, చేతిలో ఆ గిటారే. 1974లో పరిశోధన సగంలో వదిలి, క్వీన్ అనే రాక్ బృందంతోనే ఉండిపోయాడు. పేరు బ్రయన్ మే.

తండ్రి హెరాల్డ్ మే తట్టుకోలేకపోయాడు. చేతికందిన చదువును కొడుకు చేజేతులా పారేసుకున్నాడన్నది ఆయన బాధ. ఏడాది పైన ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఆ గిటార్‌ను తయారుచేసిన నాలుగు చేతుల్లో రెండు ఆయనవే.