రాక్షసబల్లులకు సెలవిచ్చిన సినిమా

గోల్కొండ చెరలో రామదాసు తన రాముణ్ణి నిలదీసిన ఊరు మాది. ఇష్టం ఉన్నచోటే నిష్ఠూరం ఉంటుంది. ఆ చనువుతోనే నిన్ను స్తుతిస్తున్నాను, జురాసిక్ వరల్డ్ డొమినియన్. 2022 జూన్ 10న ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోనూ మా ముందుకు వచ్చావు. 1993లో స్పీల్‌బర్గ్ మొదలుపెట్టిన వరసలో ఆరోదానివి. నీలో మెచ్చుకోదగినవి చాలానే ఉన్నాయి. ఒక్కటీ దాచను.

ముందుగా నీ దాతృత్వం. మొదటి జురాసిక్ పార్క్ రెండు గంటల ఏడు నిమిషాల సినిమా. అందులో రాక్షసబల్లులు తెరమీద ఉండేది అంతా కలిపినా పావుగంటే. మిగిలిన సేపంతా వాటికోసం ఎదురుచూడటమే. వానలో ఆగిపోయిన కారు. లోపల గ్లాసులో నీళ్లు గుండ్రంగా, సన్నగా వణుకుతాయి. ఇంకా ఏ జంతువూ కనపడలేదు, అయినా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటాం. స్పీల్‌బర్గ్ అంత పొదుపరి. నువ్వు అలా కాదు. మొదలవుతూనే బేరింగ్ సముద్రంలో పడవ మీదికి మోసాసారస్‌ని వదిలావు. మాల్టా వీధుల్లో మోటార్‌సైకిల్ వెనక అట్రోసిరాప్టర్లను తరిమావు. గడ్డకట్టిన నీటికింద పైరోరాప్టర్‌ని ఈదించావు. చివరికి జైగనోటోసారస్‌నీ దించావు. అడగకముందే వడ్డించావు, చాలన్నా వడ్డించావు. ఇన్ని జంతువులూ కలిసి ఆ గ్లాసులో నీళ్లంత భయమైనా పుట్టించలేకపోయాయి.

శాస్త్రం విషయంలో నీ నిజాయితీకి మనస్ఫూర్తిగా నమస్కారం. 1993 నాటి రాప్టర్లకు ఈకలు లేవు. తర్వాత చైనాలో ఈకల గుర్తులున్న శిలాజాలు బయటపడ్డాయి. అయినా ఈ వరస సినిమాలు చాలాకాలం పాత నున్నటి చర్మాన్నే పట్టుకుని వేలాడాయి. నువ్వు మాత్రం పైరోరాప్టర్‌కీ థెరిజినోసారస్‌కీ ధైర్యంగా ఈకలు తొడిగావు. ఆ థెరిజినోసారస్ ఘట్టం నిజంగా గొప్పది. అడవిలో ఒంటరిగా పడిన కథానాయిక క్లేర్, కత్తుల్లాంటి పొడవాటి గోళ్లున్న ఆ జంతువు కంటపడకుండా పాకుతూ మడుగులోకి జారుతుంది. చప్పుడు చేయకుండా ముక్కు, నోరు నీళ్లలో ముంచేస్తుంది. అరుపుల్లేవు, తుపాకుల్లేవు. జంతువు మూతి నీటిమీదికి వంగుతుంటే మన ఊపిరి కూడా ఆగుతుంది. నువ్వు ఎలాంటి సినిమావి కావాలో ఆ మడుగు దగ్గర నీకు బాగా తెలుసు. తెలిసి కూడా అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయావు. నా బాధంతా అదే.

వెళ్లింది ఎక్కడికి? మిడతల దగ్గరికి. 2018లో నీ ముందు సినిమా ఫాలెన్ కింగ్‌డమ్ ఒక పెద్ద ప్రశ్న దగ్గర ఆగింది. రాక్షసబల్లులు మన ఊళ్లలోకి, మన పొలాల్లోకి వచ్చేస్తే మనిషి ఎలా బతుకుతాడు? నాలుగేళ్లు దానికోసమే ఎదురుచూశాం. నువ్వు ఆ సంగతిని మొదట్లో ఒక వార్తా కథనంతో తేల్చేసి, బయోసిన్ కంపెనీ తయారుచేసిన పెద్ద పెద్ద మిడతలను ముందుకు తెచ్చావు. ఆ కంపెనీ విత్తనం వేయని పొలాలన్నిటినీ మేసేసే మిడతలు అవి. విత్తనం ఒక్కడి గుప్పిట్లో పడితే రైతు గతి ఏమిటన్న నీ దిగులు మాకు పరాయిది కాదు. 2020 ఎండాకాలంలో మిడతల దండు మహారాష్ట్ర దాకా వస్తే తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేశారు. ఆ కథ చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. దానికి రాక్షసబల్లుల పేరుతో టికెట్ అమ్మనక్కరలేదు.

పెద్దల పట్ల నీ గౌరవం కూడా గుర్తుంచుకోదగినదే. సామ్ నీల్, లారా డెర్న్, జెఫ్ గోల్డ్‌బ్లమ్ ముగ్గురినీ 1993 తర్వాత మళ్లీ ఒక్కచోట నిలబెట్టావు. వాళ్లు కనపడితే చాలు, ఇంకేమీ చేయనక్కరలేదని నమ్మావు. నమ్మినట్టే వాళ్ల చేత ఏమీ చేయించలేదు.

ఇక నీ త్యాగం. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి భూమి మీద, మనిషి జాడే లేని లోకంలో ఆ జంతువులు వాటి మానాన అవి బతుకుతుండగా ఒక చిన్న ఘట్టం తీశావు. అంత అందమైన దాన్ని థియేటర్ ప్రతిలోంచి తీసేశావు. తర్వాత నిడివి పెంచిన ప్రతిలో కలిపావుగానీ, పెద్ద తెర మీద చూడవలసింది అదే. ఒకప్పుడు ఆబిడ్స్‌లో జమ్రుద్, ప్యాలెస్ లాంటి టాకీసులుండేవి. ఇప్పుడవి లేవు. పెద్ద తెరలు ఒక్కొక్కటే పోతున్న కాలంలో, పెద్ద తెరకోసమే పుట్టిన ఘట్టాన్ని ఇంట్లో చూసుకొమ్మన్నావు. ఇన్ని చేసినా నీ వసూళ్లు ప్రపంచవ్యాప్తంగా 100 కోట్ల డాలర్లు దాటాయి. మారవలసిన అవసరం నీకెవరూ చెప్పలేదు.

నీవల్ల జరిగిన మేలు ఒకటుంది, ఇది నిజంగా మేలే. నీ దగ్గర దొరకని ఆశ్చర్యాన్ని వెతుక్కుంటూ జనం వెనక్కి వెళ్లారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, 1990లో మైకేల్ క్రైటన్ రాసిన నవల కోసం వెతికేవాళ్లకు నీలాంటి సినిమాలే పరోక్షంగా దారి చూపించాయి.

ఇంకొక దారి నాంపల్లి స్టేషన్ నుంచి ఉంది. పబ్లిక్ గార్డెన్స్, అసెంబ్లీ దాటి నౌబత్ పహాడ్ ఎక్కితే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అస్థిపంజరం నిలబడి ఉంటుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో కనీసం పన్నెండు జంతువుల ఎముకలు, 840 దాకా దొరికాయి. భూగర్భ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలను కూర్చి నిలబెట్టిన రూపమది. రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. అది కదలదు, అరవదు, ఎవర్నీ తరమదు. అయినా మెడ ఎత్తి చూస్తున్న పిల్లవాడు మాట్లాడటం మానేస్తాడు. పేరులోనే జురాసిక్ పెట్టుకున్న నీకు టైరనోసారస్, జైగనోటోసారస్ పెద్ద దిక్కు. అవి రెండూ క్రెటేషియస్ కాలం నాటివి. నిజమైన జురాసిక్ జంతువు మా గోదావరి లోయది.

2025లో ఏడో సినిమా రీబర్త్ కూడా వచ్చేసింది. ఈ వరస ఇప్పట్లో ఆగేలా లేదు. పిల్లలున్నవాళ్లకు నా మాట ఒకటే. వీటిలో ఒక్కటే చూపించే వీలుంటే 1993 నాటిది చూపించండి. తర్వాతి సెలవు రోజున టికెట్ డబ్బులు ఇలాంటి సినిమాల మీద పెట్టకుండా వాళ్లను నౌబత్ పహాడ్ ఎక్కించండి.