బకింగ్‌హాం కాలువ చెప్పుకున్న కథ

"ఒరేయ్, మనం దూకింది ఈ గోడ మీంచే కదరా!"

డెబ్బై దాటిన ఆ పెద్దాయన సర్కారు తుమ్మ కొమ్మల్ని చేతికర్రతో పక్కకు తోశాడు. పాత లాకుల రాతిగోడ బయటపడింది. తలుపు తిరిగిన గాడిలో వేళ్లు పెట్టి తడిమాడు. చిన్ననాటి స్నేహితుడు నీళ్లకేసి చూస్తూ, "ఇందులో పడవలు నడిచాయంటే మా మనవలు నమ్మరురా" అన్నాడు.

ఆ మాటకు బకింగ్‌హాం కాలువ మనసు చివుక్కుమంది. తన కథ తానే చెప్పుకొచ్చింది.

"1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా నన్ను మొదట తవ్వించినవాడు బేసిల్ కాక్రేన్. ఆ తర్వాత సర్కారు చేతికొచ్చి ఉత్తరానికీ దక్షిణానికీ పెరిగాను. 1876-78 నాటి ధాత కరువులో, కూలి దొరికితే చాలని వచ్చినవాళ్లు కూవం, అడయారు నదుల మధ్య నన్ను తవ్వి కలిపారు. పేరు మాత్రం గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్‌ది పెట్టారు. తట్టలు మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఆ బాధ నాకింకా ఉంది."

పాత పనుల ఊసెత్తితే కాలువ గొంతులో హుషారు వస్తుంది. "పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ నాతో కలిసేది. కృష్ణా, గోదావరి కాలువల మీదుగా కాకినాడ దాకా నీటిదారి ఉండేది. ఉప్పు, ధాన్యం, సరుగుడు కట్టెలు నా మీదుగానే మద్రాసు చేరేవి. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే ఒకడు గట్టెక్కి, తాడు ఛాతీకి వేసుకుని, ముందుకు వంగి లాగేవాడు. ఇంకొకడు పడవలోంచి గెడ వేసేవాడు. వాళ్లు నడిచిన బాటలో గడ్డి మొలిచేది కాదు."

1965, 66 తుపానులు ఆ రాకపోకల్ని దెబ్బతీశాయి.

"గట్లు తెగితే కట్టుకోవచ్చు. నన్ను పట్టించుకునేవాళ్లే లేకపోయారు. పూడిక పేరుకుంది, లాకులు పాడుబడ్డాయి. రొయ్యల చెరువుల మురికినీళ్లు నాలోకి వదిలారు. చెన్నైలో ఊరి మురుగంతా నాలో కలిపారు, నా కడుపులోనే రైలు స్తంభాలు దింపారు. ఒకప్పుడు పడవలు ఎదురెదురుగా తప్పుకున్న చోట ఇప్పుడు వాననీరు పోవడానికే దారి లేదు."

అంత చేసినా కాలువ తన పని మానలేదు. 2004 డిసెంబరు 26న సునామీ కెరటం తీరం దాటి వచ్చినప్పుడు, సముద్రం పక్కనే సాగే కాలువ చాలాచోట్ల ఆ నీటిని తనలోకి తీసుకుంది. ఆ నీళ్లు కాసేపటికి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయాయి. కాలువకు పడమరనున్న పల్లెలకు ఆ దెబ్బ తగ్గింది.

"2008లో నన్ను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. సంతోషమే. ఇక పూడిక తీయండి, లాకులకు తలుపులు పెట్టండి, మురుగును నా గట్టు అవతలే ఆపండి. ఉప్పు బస్తాలైనా, సిమెంటు బస్తాలైనా మోస్తాను. ఈ పెద్దమనుషుల మనవల్ని పడవెక్కించి పంపండి, మద్రాసు దాకా తీసుకెళ్తాను."